పరీక్ష తప్పిన పిల్లవాని త్రోవ



ఏటేట వేసవిలో పదవ తరగతి ఫలితములు వెలువడు దినమున మన పల్లెలలో రెండు విధములైన ఇండ్లు కానవచ్చును. ఒక యింట మిఠాయి పంచుదురు. రెండవ యింట ఆ పూట పొయ్యి రాజదు. తండ్రి అరుగుమీద తల వంచుకొని కూర్చుండును. తల్లి వంటయింటి గడప దాటదు. పిల్లవాడు పెరటిలో ఏ గడ్డివామి చాటుననో ఉండును. నేడు నేను ఆ రెండవ యింటిని గూర్చి మాట్లాడదలచితిని.

“వీనిని ఇక ఏమి చేయవలెను?” అని ఆ యింటివారు అడుగ వచ్చునది మీవంటి పెద్దల యొద్దకే. రచ్చబండకడ మీరు అనిన ఒక్క మాట ఆ పిల్లవాని తలపై పదియేండ్లు నిలుచును. కావున మాట అనుటకు ముందు ఈ పరీక్ష యెక్కడనుండి వచ్చినది, దేనికై పుట్టినది, అందు తప్పినవారు మునుపు ఏ త్రోవలు బట్టిరి, వారి చుట్టునున్న పెద్దలేమి చేసిరి అను చరిత్ర కొంత తెలిసికొనుట మంచిది. చరిత్ర మనకు జోస్యము చెప్పదు గాని, తొందరపాటును కొంత మాన్పును.

మన పూర్వపు వీథిబడిలో “తప్పుట” యనునది లేదు. పిల్లవాడు ఇసుకలో అక్షరములు దిద్దును. గుణింతములు వచ్చిన పిదప ఎక్కములు, ఎక్కములు వచ్చిన పిదప పద్యములు, ఆ మీదట జాబులు, లెక్కలు. ఒకడు ఆరు మాసములలో నేర్చిన దానిని వేరొకడు ఏడాదికి నేర్చును. పెద్దపిల్లలే చిన్నపిల్లలకు పాఠము చెప్పుదురు. 1823లో బళ్లారి జిల్లా కలెక్టరుగా నుండిన క్యాంబెల్ దొర తన జిల్లాలోని తెలుగు, కన్నడ బడులను పరిశీలించి ప్రభుత్వమునకు నివేదిక పంపుచు ఈ పద్ధతిని మెచ్చుకొనెను. అట్లని ఆ బడి నిర్దోషమైనదని నేను చెప్పను. అందు ఆడపిల్లలు బహు తక్కువ. ఊరి చివర వాడల పిల్లలకు అందు చోటే లేదు. కాని కూర్చున్న పిల్లవానిని ఒక్క దినపు వ్రాతనుబట్టి పనికిరానివాడని వెడలగొట్టు ఆచారము మాత్రము అందు లేకుండెను.

ఆ ఆచారము ఇంగ్లీషు విద్యతో వచ్చినది. 1835లో కంపెనీ ప్రభుత్వమువారు తమ విద్యాధనమును ఇంగ్లీషు చదువునకే వినియోగింప నిశ్చయించిరి. 1844లో గవర్నరు జనరలు హార్డింజి ప్రభువు, ఇంగ్లీషు చదివినవారికే ప్రభుత్వోద్యోగములలో మొదటి చోటు ఇయ్యవలెనని ఉత్తరువు చేసెను. నాటితో చదువునకును కొలువునకును ముడి పడెను. 1854లో చార్లెస్ వుడ్డు పంపిన విద్యాపత్రము ననుసరించి 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములందు విశ్వవిద్యాలయములు వెలసెను. వానిలో ప్రవేశింపగోరువారికి పెట్టిన పరీక్షయే మెట్రిక్యులేషను.

ఈ పేరునకు అర్థము గమనింపదగినది. లాటిను భాషలో మెట్రిక్యులా యనగా పేర్ల పట్టిక. విశ్వవిద్యాలయపు పట్టికలో పేరెక్కించుటయే మెట్రిక్యులేషను. అనగా అది ఒక ద్వారము మాత్రమే. లోపలికి బోయి పై చదువు చదువగలవారెవరో చూచుకొనుటకు విశ్వవిద్యాలయమువారు తమ సౌకర్యము కొరకు పెట్టుకొన్న ద్వారమది. పిల్లవాని బుద్ధినంతయు తూచు త్రాసు కాదు. వాడు మంచి రైతు కాగలడా, మంచి వైద్యుడు కాగలడా, నలుగురిలో నమ్మకముగా మెలగగలడా యని చెప్పు పరీక్షయు గాదు. కాని కొలువులు ఆ ద్వారమునకే కట్టబడియుండుటచేత లోకులు ద్వారమునే త్రాసుగా భావించిరి.

ఆ ద్వారము కాచినవారు సైతము దానిని అంత కఠినముగా పట్టుకొనలేదు. 1858లో కలకత్తా విశ్వవిద్యాలయపు మొదటి బి.ఏ. పరీక్షలో ఒక్కరును పూర్తిగా ఉత్తీర్ణులు గాలేదు. ఇరువురు మాత్రము ఆరు విషయములలో అయిదింట నెగ్గి, ఆరవ దానిలో ఏడు మార్కులకు మించని కొరతతో తప్పిరి. విశ్వవిద్యాలయమువారు ఆ కొరతను మన్నించి వారికి పట్టములిచ్చిరి. ఆ యిరువురిలో ఒకరు తరువాత వందేమాతర గీతమును దేశమున కొసగిన బంకించంద్ర ఛటోపాధ్యాయులు. ఆ విశ్వవిద్యాలయపు మొట్టమొదటి పట్టభద్రులు దయామార్కులతో గట్టెక్కినవారని మనము మరువరాదు.

మద్రాసు రాజధానిలో 1911 నాటికి మెట్రిక్యులేషను స్థానమున మన పెద్దలు స్కూలు ఫైనలు అని పిలిచిన ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్ష వచ్చెను. దీనిని ఏర్పరచినవారి తలంపు మంచిదే. విద్యార్థికొక పుస్తకము నిచ్చి, అందు బడిలో వచ్చిన మార్కులను, ప్రభుత్వ పరీక్ష మార్కులను రెంటిని వ్రాసి, ఎవరికి ఎట్టివాడు కావలెనో వారే చూచుకొనునట్లు చేయవలెననియు, కళాశాల చదువునకు అర్హులైన వారిని మాత్రము వేరుగా ప్రకటింపవలెననియు వారి ఉద్దేశము. కాని జనుల నోట అదియు “ప్యాసు”, “ఫెయిలు” అను రెండు ముక్కలుగానే మిగిలెను. కళాశాలకు అర్హుడు కాకపోవుట వేరు, దేనికిని కొరగాకపోవుట వేరు. ఈ రెంటిని ఒకటిగా జేసినది ప్రభుత్వముకంటె మన మాటయే.

ఇంకొకటి గూడ చెప్పవలెను. కోస్తా, సీమ జిల్లాల పిల్లలు చిరకాలము ఉన్నత పాఠశాలలో చదివినది ఇంగ్లీషులో. హైదరాబాదు రాజ్యమున తెలుగు పిల్లలు చదివినది ఉర్దూలో. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూనే బోధనభాషగా గైకొనెను. ఇంట నొక భాష, బడిలో వేరొక భాష. అట్టి పిల్లవాడు తప్పినప్పుడు తప్పినది తెలివియో, భాషయో ఎవరు చెప్పగలరు? నేటికిని మార్కుల పట్టిక చేతికి వచ్చినప్పుడు మొదట చూడవలసినది మొత్తము గాదు. ఏ విషయమున, ఎందువలన తప్పినాడన్నది.

ఇక పరీక్ష దెబ్బ తిన్నవారు పట్టిన త్రోవలను కొన్నిటిని చూతము.

మొదటిది గాంధీ మహాత్ముని కథ. వారు 1887లో బొంబాయి విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు కూర్చుండి 625 మార్కులకు 247½ మార్కులు తెచ్చుకొనిరి. నూటికి నలువదియైనను లేవు. నెగ్గిరి గాని, గొప్పగా నెగ్గలేదు. ఖర్చు తక్కువయని భావనగరులోని సామల్‌దాసు కళాశాలలో చేరిరి. అక్కడ పాఠము లొక్కటియు తలకెక్కలేదు. మొదటి భాగము ముగియగనే ఇంటికి వచ్చివేసిరి.

అప్పటికి తండ్రి గతించియుండెను. కుటుంబమునకు పెద్ద దిక్కుగా నుండిన మావ్జీ దవే అను బ్రాహ్మణ పండితుడు ఇంటికి వచ్చి తల్లితోను అన్నతోను కూర్చుండి ఆలోచన చేసెను. బి.ఏ. చదువునకు నాలుగైదేండ్లు పట్టును. తుదకు వచ్చునది అరువది రూపాయల కొలువు. కాలము మారినది, సీమకు పంపి బారిష్టరు చదివింపుడని ఆయన సలహా. ఆ పెద్ద చేసిన మంచిపని మరియొకటి కలదు. పిల్లవాని వంక తిరిగి, నీకేది యిష్టము, ఇక్కడ చదువుటయా, సీమకు పోవుటయా యని అడిగెను. గాంధీగారు తమకు వైద్యవిద్యపై ఉన్న కోరికను గూడ చెప్పుకొనిరి. వైష్ణవులమైన మనము శవములను కోయరాదని తండ్రి అభిప్రాయమని అన్న చెప్పుటచే ఆ మాట ఆగిపోయెను. కులపెద్దలు బొంబాయిలో సభచేసి సముద్రము దాటరాదని శాసించి, వినకున్నందున వెలివేసిరి. అయినను 1888 సెప్టెంబరు 4వ తేదీన వారు ఓడ యెక్కిరి.

లండనులో న్యాయశాస్త్రముతోబాటు అక్కడి మెట్రిక్యులేషను గూడ ఇయ్యవలెనని వారికి తోచెను. 1890 జనవరిలో కూర్చుండి లాటినులో తప్పిరి. ఇంటికి వేలమైళ్ల దూరమున, అన్న పంపు సొమ్ముతో చదువుచున్న యువకునకు అది చిన్న దెబ్బ గాదు. వారు కుంగిపోలేదు. లాటినును మరల చదివిరి. శాస్త్ర విషయములలో తమకు కష్టముగా నుండిన రసాయనశాస్త్రమును విడిచి, ఉష్ణము, కాంతి అను విషయమును తీసికొనిరి. జూనులో కూర్చుండి నెగ్గిరి. అయిదు మాసములలో జరిగిన యీ పనిలో రెండు ఉపాయములున్నవి. విడువరాని దానిని పట్టుదలతో మరల చదువుట ఒకటి. మార్చుకొన వీలైనదానిని మార్చుకొనుట రెండవది. తప్పిన ప్రతివాడును ఈ రెంటిలో ఏది యేదో తేల్చుకొనవలెను.

రెండవది శ్రీనివాస రామానుజన్ గారి కథ. వారు మెట్రిక్యులేషను బాగుగానే నెగ్గి 1904లో విద్యార్థి వేతనముతో కుంభకోణము ప్రభుత్వ కళాశాలలో చేరిరి. గణితము తప్ప తక్కినవి చదువక తప్పిరి, వేతనము పోయెను. 1905లో ఇంట చెప్పకుండ రైలెక్కి విశాఖపట్టణము వచ్చిరి. పరీక్ష తప్పిన అరవ పిల్లవాడొకడు మన తెలుగు పట్టణమున తలదాచుకొన జూచిన దినములవి. మరల మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చేరియు ఎఫ్.ఏ. పరీక్ష దాటలేకపోయిరి. అదే గోడకు మరల మరల తల కొట్టుకొనిరి.

వారికి త్రోవ చూపినది ఇంకొక పరీక్ష గాదు, జీవనోపాధి. నెల్లూరు జిల్లా కలెక్టరుగా నుండిన దివాన్ బహద్దూరు ఆర్. రామచంద్రరావుగారు ఆ యువకుని నోటుపుస్తకములు ఓపికతో చూచి, కొంతకాలము తన సొంత సొమ్ముతో నెలకు 25 రూపాయలు ఇచ్చిరి. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తా పని దొరకెను. కడుపునకు చింత తీరిన పిదప 1913లో కేంబ్రిడ్జిలోని హార్డీ పండితునకు జాబు వ్రాసిరి. అదే యేట మద్రాసు విశ్వవిద్యాలయమే నెలకు 75 రూపాయల పరిశోధన వేతనమిచ్చెను. ఎఫ్.ఏ. నెగ్గనివానిని పరిశోధకునిగా గైకొనుట నాటి నిబంధనలకు మించిన పని. 1918లో వారు రాయల్ సొసైటీ సభ్యులైరి. చిన్న కొలువులో చేరుట చదువును చంపుటయని తలంచువారు ఆ 30 రూపాయలను జ్ఞాపకముంచుకొనవలెను.

మూడవది మన గోదావరి సీమవారిదే. నేను ముఖ్యముగా చెప్పదలచినది దీనినే.

ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరమున జన్మించిరి. పేద కుటుంబము. పదుమూడేండ్ల వయస్సున, కాశీలో యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడించెదనని ఇల్లు విడిచి బయలుదేరగా, తల్లి వెంకమ్మగారు త్రోవలోనే వెనుకకు రప్పించి బడిలో కూర్చుండబెట్టిరి. రాజమహేంద్రవరమున చదువుచుండగా ఇంట వరుసగా చావులు, కష్టములు కలిగెను. మెట్రిక్యులేషను తప్పిరి. మరల తప్పిరి. మూడవ మారు మద్రాసు హిందూ ఉన్నత పాఠశాలనుండి కూర్చుండి నెగ్గిరి.

ఇక్కడ ఒక క్షణమాగి ఆలోచింపుడు. భర్తను పోగొట్టుకొని, చేత సొమ్ములేని ఇంటిలో, రెండుమారులు తప్పిన కుమారుని మూడవమారు పరీక్షకు పంపుట యెంత ధైర్యము! “చదువు వీనికి అచ్చిరాలేదు, ఏదో కొట్టులో పెట్టుము” అని చెప్పువారు ఆనాడును ఉండియుందురు. అట్లు చెప్పుట తప్పనియు అనలేము. కాని ఆ తల్లి పట్టుదల వేరు.

తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెటు చదివి, రామకృష్ణ మఠమున చేరి సన్యసింపగోరిరి. తల్లి అంగీకరింపలేదు. కావున మద్రాసు వైద్య కళాశాలలో చేరిరి. మిత్రులును, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును ఖర్చులు పెట్టుకొనిరి. గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించినందున శస్త్రచికిత్స ఆచార్యునకు కోపము వచ్చెను. తుదకు వారికి ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పత్రమే లభించెను. ప్రభుత్వ వైద్యశాఖలో చోటు దొరకలేదు. ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రోపన్యాసకులుగా చేరిరి. అంతలో ఇరువురు సోదరులు స్ప్రూ అను గ్రహణివ్యాధితో ఎనిమిది దినముల వ్యవధిలో మరణించిరి. వారికిని ఆ వ్యాధియే సోకగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్స బ్రతికించెను.

1922లో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ యిచ్చిన సాయముతోను, మామగారు సమకూర్చిన సొమ్ముతోను అమెరికాకు పోయిరి. అక్కడను పట్టము తక్కువదగుటచే వైద్యునిగా పని దొరకక, ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుని పనిచేయుచు హార్వర్డులో చదివిరి. 1925లో ఫిస్కె అను ఆచార్యునితో గూడి రక్తమునందును మూత్రమునందును భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. అది నేటికిని వారిరువురి పేర్లతో పాఠ్యగ్రంథములలో నిలిచియున్నది. కండరములు కదలుటకు బలమిచ్చు పదార్థములను గుర్తించిరి. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరి పరిశోధకులను నడిపిరి. 1945లో వారి బృందము ఫోలిక్ ఆమ్లమును తయారుచేసెను. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధిలో వచ్చు రక్తహీనతకు అదియే మందు. దానికి సంబంధించిన వేరు మందులు రక్తపు పుట్టకురుపుతో బాధపడు పిల్లలకు మొదటిసారి ఊరట నిచ్చెను. 1947లో బోదకాలు వ్యాధికి డి.ఇ.సి. అను మందు వారి ప్రయోగశాలనుండియే వెలువడెను. గోదావరి జిల్లాలలో ఆ వ్యాధి యెరుగని ఊరు అరుదు. ప్రభుత్వ ఆరోగ్యశాఖవారు ఇంటింటికి వచ్చి మీచేత మ్రింగించిన బోదకాలు మాత్ర అదియే. మెట్రిక్ రెండుమారులు తప్పిన భీమవరపు పిల్లవాడు చేసిన మందును మన పల్లెలు మ్రింగినవి. 1948 ఆగష్టులో తమ యేబది మూడవ యేట వారు న్యూయార్కులో కాలధర్మము నొందిరి.

ఈ కథలు చెప్పి, “తప్పినవారందరు గొప్పవారగుదురు” అని నేను అనుట లేదు. అది అబద్ధము. పరీక్ష తప్పి పేరులేక మరుగైన వేలమంది కథ యెవరును వ్రాయలేదు. నేను చూపదలచినది వేరు. ఈ మువ్వురికిని తప్పిన పిదప వెనుక నిలిచిన మనుష్యులుండిరి. మావ్జీ దవే పిల్లవానిని అడిగెను. రామచంద్రరావుగారు నోటుపుస్తకము చూచిరి. వెంకమ్మగారు మూడవమారును పంపిరి. తెలివి ఆ పిల్లలది. కాని తెలివికి గడువిచ్చినది పెద్దలు. ఆ గడువు దొరకనందుననే తక్కిన వేలమందిలో ఎందరు మరుగైరో లెక్క లేదు.

ఆడపిల్ల విషయములో ఈ మాట మరింత నిజము. మగపిల్లవాడు తప్పినచో మరల కూర్చుండుమందుము. ఆడపిల్ల తప్పినచో సంబంధము చూడుమందుము. రాజమహేంద్రవరమున 1909లో జన్మించిన దుర్గాబాయిగారు చిన్ననాడే బడి విడిచిరి. స్వాతంత్ర్యోద్యమమున చెరసాలకు బోయి వచ్చిన పిదప కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్ పరీక్షకు సొంతముగా చదివి నెగ్గిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయమున బి.ఏ., మద్రాసులో న్యాయశాస్త్రము చదివిరి, రాజ్యాంగసభలో సభ్యురాలైరి. తాము దాటిన కాలువకు ఇతరులకై వంతెన గట్టిరి. 1937లో వారు మద్రాసులో నెలకొల్పిన ఆంధ్ర మహిళా సభ, చదువు మధ్యలో ఆగిన స్త్రీలను ఆ కాశీ మెట్రిక్ పరీక్షకే సిద్ధపరచినది. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి వారు అధ్యక్షులైన పిదప, 1958 నుండి ఇట్టి సంక్షిప్త విద్యాక్రమములు దేశమంతట నడచెను. ఆగిన చదువు మరల సాగునని నమ్మి దానికొక ఏర్పాటు చేయుట గొప్ప పుణ్యకార్యము.

ఇక కళాశాల ద్వారము గాక వేరు ద్వారములు మన దేశమున ఎన్నడును లేకపోలేదు. మద్రాసు విశ్వవిద్యాలయము పుట్టుటకు అరువది మూడేండ్లు ముందే, 1794లో, మద్రాసులో సర్వే పాఠశాల యొకటి వెలసెను. బాలురకు భూమి కొలుచుట నేర్పిన ఆ చిన్న బడియే పెరిగి గిండీ ఇంజనీరింగు కళాశాల యైనది. 1910లో మచిలీపట్టణమున కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించి, పుస్తకముతోబాటు చేతిపనిని, చిత్రకళను నేర్పించిరి. 1946లో కాకినాడలో ఆంధ్ర పాలిటెక్నిక్ ఏర్పడెను. 1950లో కేంద్రప్రభుత్వము చేతిపనుల శిక్షణ పథకమును ప్రారంభింపగా, దాని క్రింద వచ్చినవే నేడు మీరెరిగిన ఐ.టి.ఐ.లు.

నేడు పదవ తరగతిలో మార్కులు తగ్గిన పిల్లవానికిని, తప్పిన పిల్లవానికిని ఉన్న త్రోవలు మన తాతలకు లేనివి. తప్పినవారికి కొలది మాసములలోనే సప్లిమెంటరీ పరీక్ష కలదు; గాంధీగారు జనవరిలో తప్పి జూనులో నెగ్గినట్లు ఏడాది పోకుండ గట్టెక్కవచ్చును. ఐ.టి.ఐ.లో కొన్ని పనులకు ఎనిమిదవ తరగతి చదువే చాలును. పది నెగ్గినవారు పాలిటెక్నిక్‌లో మూడేండ్ల డిప్లొమా చదివి, మరియొక ప్రవేశపరీక్ష వ్రాసి, ఇంజనీరింగు రెండవ సంవత్సరమునకే పోవచ్చును. ఇంటర్మీడియెటు మెట్టు లేకుండగనే పై చదువునకు చేరు దారియిది. వ్యవసాయ డిప్లొమా కలదు. బడికి పోలేనివారికై 1989లో జాతీయ సార్వత్రిక పాఠశాల, 1991లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక పాఠశాల వెలసెను. 1982లో హైదరాబాదున, నేడు అంబేద్కరుగారి పేరుతో నున్న సార్వత్రిక విశ్వవిద్యాలయము, దేశమున మొదటిదిగా స్థాపింపబడి, మెట్రిక్, ఇంటర్ లేని పెద్దవారిని గూడ ప్రవేశపరీక్ష పెట్టి పట్టపు చదువులో చేర్చుకొనెను. ద్వారము మూసికొన్న వానికి కిటికీ చూపుట గాదిది; ఇది మరియొక ద్వారమే.

ఇన్ని త్రోవలుండగా ఎన్నుకొనుట యెట్లు? నాకు తోచిన నాలుగు మాటలు మీముందుంచుచున్నాను.

ఫలితములు వచ్చిన దినమున ఏ నిశ్చయమును చేయవలదు. ఆ దినమున తండ్రికి కోపము, పిల్లవానికి సిగ్గు. ఈ రెంటినుండి మంచి ఆలోచన పుట్టదు. ఆ రాత్రి పిల్లవానిని ఒంటరిగా విడువవలదు. రామానుజన్ రైలెక్కి పోయిరి. ఈనాటి పిల్లలు కొందరు తిరిగిరాని చోటికి పోవుచున్నారు. ఇంటిల్లిపాదియు వానితో కూర్చుండి అన్నము తినుటకంటె ఆ పూట చేయవలసిన పని వేరొకటి లేదు. ఇరుగుపొరుగువారు పరామర్శకని వచ్చి మార్కులు అడుగకుండ చూచు భారము ఊరి పెద్దలది.

రెండవది, వారము దాటిన పిదప మార్కుల పట్టిక ముందుంచుకొని, వాని పంతులుగారిని గూడ పిలిచి, ఎక్కడ తప్పినదో చూడవలెను. ఒకటి రెండు విషయములలో తప్పినచో సప్లిమెంటరీయే త్రోవ. అన్నింటను తప్పినచో కారణము చదువులో గాక ఇంటిలోనో, కంటిచూపులోనో, స్నేహములోనో ఉండవచ్చును. కారణము తీర్పక మరల కూర్చుండబెట్టుట చిల్లికుండలో నీరు పోయుటయే.

మూడవది, వానిని అడుగవలెను. పొరుగువాని కుమారుడు చేరిన కళాశాలయే మన కుమారునకును తగునని యెంచరాదు. ఒకడు పాడైన మోటారును విప్పి బాగుచేయును. ఒకడు పశువుల రోగమును ఇట్టే కనిపెట్టును. ఒకడు లెక్కలు వ్రాయును. అది చూచి త్రోవ చూపవలెను. వాడు కోరిన త్రోవ మీకు నచ్చనిచో, నచ్చకపోవుటకు కారణము ఖర్చా, ఉపాధి లేకపోవుటయా, లేక నలుగురిలో నామోషియా యని మిమ్ము మీరే ప్రశ్నించుకొనుడు. ఖర్చు, ఉపాధి ఆలోచింపదగినవే. నామోషి మాత్రము పిల్లవాని జీవితమునకు తూనికరాయి కారాదు.

నాలుగవది, పొలము తాకట్టు పెట్టి, మార్కులు చాలని చదువులో సొమ్ము చెల్లించి చేర్పింప తొందరపడవలదు. వానికి రాని చదువునకు పెట్టిన అప్పు, చదువు విడిచిన పిదపను వాని మెడకే చుట్టుకొనును. ప్రభుత్వ ఐ.టి.ఐ., పాలిటెక్నిక్, సార్వత్రిక పాఠశాల మీ జిల్లాలో ఎక్కడెక్కడ ఉన్నవో, చేరుటకు గడువెప్పుడో పాఠశాల ప్రధానోపాధ్యాయుని అడిగి తెలిసికొని, ఆ వివరమును పంచాయతీ కార్యాలయపు గోడకు అంటింపుడు. ఫలితముల నాటికే అది అక్కడ నుండవలెను. గడువు తెలియక దాటిపోయిన పిల్లవాడు పరీక్ష తప్పిన పిల్లవానికంటె ఎక్కువ నష్టపడును.

నారుమడిలో నారు కుళ్లినప్పుడు రైతు పొలము విడిచి పోడు. కాలమున్నచో మరల నారు పోయును. కాలము దాటినచో మినుములో, పెసలో చల్లును. నేల చవుడని నింద వేయుటకు ముందు విత్తనమును, నీటిని, అదనును చూచును. మన పొలమున చూపు ఆ ఓర్పును, మన పిల్లలయెడల చూపుట కష్టమైన పని కాదు. వచ్చు వేసవిలో మీ ఊరి రచ్చబండకడకు అట్టి తండ్రి యొకడు తప్పక వచ్చును. మీరు వానికి చెప్పు మొదటి మాట “వాడు అన్నము తినినాడా?” అని కాగలిగినచో, తక్కిన మాటలు వాటియంతట అవియే సరియైన త్రోవను బట్టును.